క్రాంక్ మీద నా పేరు

ఆ రోజుల్లో నాకు లోకంలో ఇద్దరి మీద తప్ప అందరి మీదా అనుమానమే. ఆ ఇద్దరిలో ఒకరు మా నాన్నగారు, రెండోవాణ్ణి నేను. పెట్రోలు బంకుకి వెళ్తే మీటరు చూడకుండా పంపు పట్టుకున్నవాడి చేతులు చూసేవాణ్ణి. టైలరుకి చొక్కా గుడ్డ ఇచ్చే ముందు ఓ మూల చిన్న ముక్క కత్తిరించి దాచుకుని, కుట్టిన చొక్కా వచ్చాక ఆ ముక్కతో పోల్చి చూసేవాణ్ణి. జెరాక్సు షాపులో సర్టిఫికెట్లు ఇస్తే, వాడు నాకు తెలియకుండా ఇంకో కాపీ తీసి దాచుకుంటాడేమోనని కౌంటరు మీదికి సగం ఒరిగిపోయేవాణ్ణి (నా ఇంటరు మార్కులతో వాడేం చేసుకుంటాడన్న ప్రశ్న మాత్రం ఎప్పుడూ రాలేదు). ఇదంతా జరిగి పదేళ్ళు దాటిపోయింది. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళ వయసు, గుడివాడలో ఓ ప్రైవేటు కాలేజీలో ఇంటరు పిల్లలకి ఫిజిక్స్ చెప్పే కొత్త ఉద్యోగం, చేతిలో కొత్త స్మార్ట్‌ఫోను. నా గుణాన్ని జనం అనుమానప్పిశాచి అనేవారు, నేను లోకజ్ఞానం అనుకునేవాణ్ణి.

ఈ జ్ఞానం మా అమ్మ దగ్గర నేర్చుకున్నదే. నాన్నగారు మొవ్వ దగ్గర ఓ పల్లెటూళ్ళో పాస్టరు. చర్చిలో ప్రేమవిందు అంటే ఊళ్ళోవాళ్ళందరి గిన్నెలూ గరిటెలూ ఒకచోట చేరతాయి. విందు అయ్యాక ఎవరి గిన్నె ఎవరింటికి చేరుతుందో దేవుడికే ఎరుక. మా అమ్మ అంత చిన్న విషయానికి దేవుణ్ణి ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక ప్రతి స్టీలు పాత్ర మీదా పేరు చెక్కించేది. చెక్కడానికి వీల్లేని వాటికి, అంటే జల్లెడకీ పీటకీ, గోళ్ళరంగుతో ఓ గులాబీ చుక్క. నాన్నగారిది పూర్తిగా వేరే తీరు. స్కూటరు తాళం స్కూటరుకే వదిలేసేవారు. "ఎవరికన్నా అవసరమైతే తీసుకెళ్ళి, తెచ్చిస్తార్లేరా" అనేవారు. విచిత్రం ఏమిటంటే, నిజంగానే తీసుకెళ్ళి తెచ్చిచ్చేవారు. నేను మాత్రం ప్రతిసారీ టైర్లు మార్చారేమోనని వంగి చూసేవాణ్ణి.

ఆ స్కూటరు గురించి చెప్పాలి. చేత్తో మెలితిప్పితే గేరు పడే పాత రెండు స్ట్రోకుల బండి, నాన్నగారి పెళ్ళినాటిది. ఆదివారం పొద్దున మా ఊళ్ళో ఆరాధన అయ్యాక, సాయంత్రం అవనిగడ్డ అవతల ఓ చిన్న పల్లెలో కూటానికి ఆయన దాని మీదే వెళ్ళేవారు. అక్కడ మహా అయితే ముప్పై మంది. సగానికి సగం ముసలివాళ్ళు, మధ్యాహ్నం మూడింటి నుంచే రోడ్డు వైపు చూస్తూ కూచునేవాళ్ళు. అలాంటి బండిని నేను ట్యూనింగ్ చేశాను. ట్యూనింగ్ అంటే ఏమీ లేదు, బాగున్న ఇంజనుని ఇంకా బాగు చెయ్యబోవడం. పాత స్కూటర్ల అభిమానుల వాట్సాప్ గ్రూపు ఒకటి ఉండేది, విజయవాడ నుంచి దివిసీమ దాకా జనం అందులో ఉండేవాళ్ళు. వాళ్ళ మాట విని పెద్ద కార్బొరేటరు బిగించాను. అంతటితో ఆగినా బాగుండేది. క్రాంక్ జోలికి కూడా వెళ్ళాను.

క్రాంక్ అంటే ఇంజను కడుపులో తిరిగే ఇనుప చక్రాల జత. పిస్టన్ ఎగిరెగిరి పడుతుంటే ఆ గెంతులన్నిటినీ తిరుగుడుగా మార్చేది అదే. ఈ రకం స్కూటర్లలో దానికి ఇంకో పని కూడా ఉంది. ఒక చక్రం అంచులో చిన్న కోత ఉంటుంది, ఆ కోత ద్వారం ఎదురుగా వచ్చినప్పుడే పెట్రోలు, గాలీ లోపలికి వెళ్తాయి. కోతని కాస్త పొడిగిస్తే ఎక్కువ పెట్రోలు వెళ్తుంది, బండి ఇంకా వేగంగా పరిగెడుతుంది అని ఒక దొర వీడియోలో చెప్పాడు. ఆయన మిషను మీద కోశాడు. నేను మా పెరట్లో, బట్టలుతికే బండ మీద పెట్టి, ఆకురాయితో కోశాను. రెండు రోజులు పట్టింది. కోత ఒకవైపు కొంచెం జారినట్టు అనిపించింది గానీ, ఫిజిక్స్ చదివినవాణ్ణి కదా, అంత చిన్న తేడా లెక్కలోకి రాదని తేల్చేశాను.

బండి నిజంగానే మారిపోయింది. మొదటి ఆదివారం నాన్నగారు క్లచ్ వదలగానే అది ముందు చక్రం ఎత్తబోయింది, ఆయన "ప్రభువా!" అన్నారు. ఆ సాయంత్రం కూటానికి అరగంట ముందే చేరి, ఇంకా ఎవరూ రాని గదిలో ఒక్కరే కూచున్నారట. "సర్వీసింగ్ భలే చేయించావురా నాన్నా" అని మెచ్చుకున్నారు కూడా. ట్యూనింగ్ సంగతి నేను చెప్పలేదు.

రెండు వారాలయ్యాక ఓ ఆదివారం, నేనే నడుపుతూ నాన్నగారిని వెనక ఎక్కించుకుని వెళ్తున్నాను. మోపిదేవి దాటాక ముందు అవనిగడ్డ బస్సు కనిపించింది. బస్సుని చూడగానే నా కుడి చెయ్యి నా మాట వినడం మానేసింది. పక్కనుంచి దూసుకుపోతుంటే నాన్నగారు భుజం తట్టి, "నాన్నా, ఆ బస్సుకీ మనకీ ఏమన్నా గొడవా?" అని అడిగారు. జవాబు చెప్పేలోపు ఇంజనులోంచి కీచుమని ఓ అరుపు, వెనక చక్రం ఒక్కసారిగా బిగిసిపోవడం, మేం జారుకుంటూ వెళ్ళి రోడ్డు పక్క గడ్డిలో పడడం జరిగిపోయాయి. దెబ్బలేమీ తగల్లేదు. నాన్నగారు లేచి ముందు బైబిలు సంచీ, తర్వాత పంచె దులుపుకున్నారు. ఈలోపు నేను ఓడించిన బస్సు నింపాదిగా వచ్చి మా పక్కనే ఆగింది. కండక్టరు తల బయటపెట్టి, "ఎక్కండయ్యగారూ, కూటానికి టైమైపోతంది. అబ్బాయిగారు నెమ్మదిగా తోసుకొస్తార్లెండి" అన్నాడు. బస్సులో ఉన్న ప్రతివాడూ కిటికీలోంచి నన్ను చూసి నవ్వుతున్నట్టే అనిపించింది. బహుశా నవ్వుతూనే ఉండి ఉంటారు.

ఆ తర్వాత ఆదివారం నాన్నగారు రెండు బస్సులు మారి, చివర మూడు కిలోమీటర్లు నడిచి వెళ్ళారు. ఆయన మోకాళ్ళు అప్పటికే అంతంత మాత్రం. తిరిగొచ్చి వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూచుని కూడా నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

గుడివాడలో మాకు తెలిసిన మెకానిక్ బాబాయ్ ఇంజను విప్పాడు. పిస్టన్నీ క్రాంక్‌నీ కలిపే రాడ్డు వేడికి నీలం తిరిగిపోయింది, దాని కింద ఉన్న బేరింగు పొడి పొడి అయిపోయింది. "ఇది మన వల్ల అయ్యే పని కాదు. బందరు తీసుకెళ్ళి సున్నా మాస్టారికియ్యి. చక్రాలు ఊడదీసి, కొత్త రాడ్డేసి, మళ్ళీ సూటిగా నొక్కాలి. ఆ చెయ్యి ఈ చుట్టుపక్కల ఆయనదొక్కటే" అన్నాడు.

"ఇంకెవరూ లేరా బాబాయ్?"

"ఎందుకు లేరూ, ఉన్నారు. వాళ్ళు చేసినవి కూడా చివరికి మాస్టారి దగ్గరికే వెళ్తాయి."

ఇంత నమ్మకంగా ఒకరి పేరు చెప్పాడంటే ఇద్దరూ ఏదో కూడబలుక్కున్నారని నాకు అర్థమైపోయింది. గ్రూపులో అడిగాను. అడగడమే ఆలస్యం, సలహాలు వరదలా వచ్చాయి. పాత ఒరిజినల్ క్రాంకులు ఇప్పుడు దొరకవు బ్రదర్, లేతు షాపుకి ఇస్తే మార్చేస్తారు బ్రదర్, మనది దాచేసుకుని డూప్లికేటు మెరిపించి ఇస్తారు బ్రదర్. ఇలా చెప్పినవాళ్ళలో ఎవరి క్రాంక్ అయినా ఎప్పుడైనా మారిందా అని నేను అడగలేదు. అనుమానించేవాడు ఆధారాలు అడగడు, వాడికి తోడు దొరికితే చాలు. ఆ రోజు నాకు అరవై మంది తోడు దొరికారు.

అప్పుడే మా అమ్మ గిన్నెలు గుర్తొచ్చాయి. బందరు బస్సు ఎక్కే ముందు, గుడివాడలో ఓ స్టీలు సామాన్ల కొట్టు ముందు ఆగాను. గుమ్మం పక్కన చిన్న బల్ల వేసుకుని, కుట్టుమిషనులా గుర్రుమనే పెన్నుతో పాత్రల మీద పేర్లు చెక్కే ఆయన కూచుని ఉన్నాడు. సంచీలోంచి క్రాంక్ తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏం పాత్రండీ ఇదీ?" అన్నాడు.

"పాత్ర కాదండీ, స్కూటరు క్రాంక్. పేరు చెక్కాలి."

"ఎవరికిస్తన్నారండీ?"

"ఎవరికీ ఇవ్వట్లేదండీ. ఎవరూ తీసుకోకుండా చెక్కిస్తున్నాను."

ఆయనకి అర్థమైనట్టు తల ఊపి, ఎక్కడ చెక్కాలో వెతికాడు. పక్కలన్నీ నల్లగా, గరుగ్గా ఉన్నాయి. చక్రం చుట్టూ ఉన్న అంచు మాత్రం అద్దంలా మెరుస్తోంది. "ఇక్కడైతే అక్షరాలు ముత్యాల్లా వస్తాయి" అన్నాడు. రానే వచ్చాయి. నా పేరు, ఇంటిపేరు, పక్కన తేదీ. చివర్లో, "పువ్వు ఊరికేనండీ, పేరుతో పాటు ఏస్తాం" అని ఐదు రేకుల పువ్వు కూడా వేశాడు. ఉచితంగా వచ్చేదాన్ని వద్దనే గుణం మా ఇంటా వంటా లేదు. గుర్తు ఉన్నట్టు దొంగకి తెలిస్తే జాగ్రత్తపడతాడు కదా అని, బస్సులో కూచుని ఆ అక్షరాల మీద దట్టంగా గ్రీజు పూశాను. పక్క సీటాయన లేచి వేరే సీటుకి వెళ్ళిపోయాడు.

సున్నా మాస్టారి షాపు కోనేరు సెంటరుకి కొంచెం దూరంలో ఉంది. గిలకలదిండి రేవు నుంచి వచ్చిన పడవల షాఫ్టులు గోడకి ఆనించి, తడి ఉప్పువాసనతో నిలబడి ఉన్నాయి. మాస్టారికి అరవై దాటి ఉంటాయి. లుంగీ, చేతుల బనీను, తాడు కట్టి మెడలో వేసుకున్న కళ్ళజోడు. క్రాంక్‌ని రెండు మొనల మధ్య బిగించి, ముల్లు ఉన్న గడియారంలాంటి మీటరు దానికి ఆనించి, చేత్తో తిప్పుతూ, ముల్లు కదిలిన చోట రాగి సుత్తితో ఓ దెబ్బ వేసేవారు. ముల్లు సున్నా మీద నిలిచేదాకా ఆ పని వదలరు, అందుకే ఆ పేరు. అరలో పాత క్రాంకులు కొన్ని వరసగా పెట్టి ఉన్నాయి. అవి పదకొండు. వెళ్ళగానే నేను చేసిన మొదటి పని వాటిని లెక్కపెట్టడం.

"రాడ్డు మార్చి సూటి చెయ్యాలి, అంతే కదండీ? బుధవారం పడతాను, శనివారం రండి" అని మాస్టారు ఓ నోటుపుస్తకం తీశారు. "ఫోను నంబరు చెప్పండి. మధ్యలో ఏదన్నా అడగాల్సొస్తే చేస్తాను."

నంబరు ఇస్తే ఏం జరుగుతుందో నాకు స్పష్టంగా తెలియదు గానీ ఏదో జరుగుతుందని మాత్రం గట్టిగా తెలుసు. "నాకు ఫోను లేదండీ" అన్నాను. సరిగ్గా అప్పుడే నా జేబులో ఫోను మోగింది. గ్రూపులో ఎవరో బ్రదర్, ఇచ్చావా లేదా అని కనుక్కోవడానికి చేశాడు. మాస్టారు నా జేబు వైపు చూశారు, నా మొహం వైపు చూశారు, నోటుపుస్తకం మూసేశారు. "శనివారం రండి" అన్నారు మళ్ళీ.

ఆ నాలుగు రోజులూ పిల్లలకి గరిమనాభి గురించి పాఠం చెబుతూ మనసులో నా క్రాంక్ గురించే ఆలోచించాను. శనివారం మధ్యాహ్నం కాలేజీ అయిపోగానే బందరు చేరాను. మాస్టారు పాత న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం చేతికిచ్చారు. విప్పాను. కొత్త రాడ్డు, శుభ్రంగా కడిగిన చక్రాలు. అంచు చుట్టూ చూశాను. ఇంకోసారి చూశాను. వెలుతురులోకి తీసుకెళ్ళి వేలితో తడిమాను. పేరు లేదు. ఇంటిపేరు లేదు. పువ్వు కూడా లేదు.

నిజం ఒప్పుకోవాలి. ఆ క్షణంలో నాకు కోపం కంటే ముందు సంతోషం కలిగింది. ఇన్నేళ్ళుగా ఊరందరినీ అనుమానించాను, ఒక్కడంటే ఒక్కడు కూడా దొరకలేదు. ఇదిగో, దొరికాడు. టీ తాగి వస్తానని బయటికి వచ్చి, గ్రూపులో ఒక వాయిస్ మెసేజి పెట్టాను. ఆ మాటలు ఇప్పటికీ ఒక్కటి కూడా మర్చిపోలేదు, మర్చిపోవాలని ఎంత ప్రయత్నించినా. "బ్రదర్స్, బందర్లో సున్నా మాస్టారి దగ్గర నా క్రాంక్ మార్చేశారు. పేరు చెక్కించాను కాబట్టి పట్టుకోగలిగాను. మీరెవరైనా అక్కడ ఇవ్వాలంటే ముందు పేరు చెక్కించి ఇవ్వండి." గొంతులో కొంచెం వణుకు కూడా పెట్టాను, నమ్మకంగా ఉంటుందని. తర్వాత లోపలికి వెళ్ళాను.

షాపులో అప్పటికి ఇద్దరు ఉన్నారు. ఒకాయన పడవ యజమాని, ఇంకొకాయన పంపు షాఫ్టు తెచ్చిన రైతు. వాళ్ళు వినాలనే కాస్త గట్టిగా, "మాస్టారూ, నా క్రాంక్ ఏదండీ?" అన్నాను.

"మీ చేతిలోనే ఉంది కదండీ."

"ఇది నాది కాదండీ. నా దాని మీద పేరుంది."

"ఉంది. పువ్వు కూడా ఉంది."

"మరేదీ?"

"చెరిపేశాను."

"పేరు చెరిపేస్తే వస్తువు మీదైపోతుందా అండీ?" అన్నాను.

మాస్టారు లేతు ఆపారు. కళ్ళజోడు తీసి లుంగీతో తుడుచుకున్నారు.   పడవ యజమాని లేచి నిలబడి, "ఏంటయ్యా, ఎవరితో మాట్లాడతన్నావో తెలుసా?" అన్నాడు. మాస్టారు ఆయన్ని కూచోమని సైగ చేసి, నా చేతిలోంచి క్రాంక్ తీసుకుని, అంచులో కోత ఉన్న చోటు నాకు చూపించారు.

"ఇది ఎవరు కోశారండీ?"

"నేనే."

"ఆకురాయితోనా?"

"అవునండీ."

"బండ మీద పెట్టి, ఎడంచేత్తో అదిమి పట్టి?"

"మీకెలా తెలుసు?"

"ఒక కొస కిందికి జారిపోయింది, రెండో కొస పైకి పోయింది. మధ్యలో పళ్ళు పడ్డాయి. బాబూ, నేను చిన్నప్పట్నుంచీ ఇదే పనిలో ఉన్నాను. ఇంత వంకర కోత ఈ జిల్లా మొత్తం మీద ఇంకొక్కటి చూపించండి, మీది మార్చేశానని నేనే ఒప్పుకుంటాను."

రైతు కూడా లేచొచ్చి చూశాడు. పడవ యజమాని చూసి, మర్యాద కోసం మొహం అటు తిప్పుకుని నవ్వాడు. నేనూ చూశాను. నాదే. అక్కడ పట్టు జారి వేలు కోసుకున్నాను. ఆ వంపు నా వేలికి తెలుసు. పనిమంతుడి చేత పేరు చెక్కించడానికి అంత హైరానా పడ్డాను గానీ, నా సొంత చేతి దస్తూరీ దాని మీద ముందు నుంచీ ఉంది, ఎవరూ దొంగిలించాలనుకోనంత స్పష్టంగా.

మాస్టారు అక్కడితో వదల్లేదు. వేరే స్కూటరు ఇంజను గుల్ల ఒకటి తెచ్చి, క్రాంక్‌ని అందులో కూచోబెట్టి చూపించారు. ఆ మెరిసే అంచు లోపలి గోడని దాదాపు తాకుతూ తిరుగుతుంది. ఆ రెండిటి మధ్య సందు వెంట్రుక కన్నా సన్నం. పెట్రోలుకి తలుపూ అదే, గడియా అదే. "పేరు చెక్కితే ఇనుము పైకి లేస్తదండీ, కంటికి కనపడదు, వేలికి తగుల్తది. ఇంజను తిరిగితే మీ పేరు ఉప్పుకాగితంలాగా ఈ గోడంతా గీకేసేది. గోడ పోతే ఇంజనే పోయినట్టు. అందుకని సన్న ఉప్పుకాగితంతో నున్నగా పట్టాను. ఇంకో సంగతి, బేరింగులో ఇనప రజను దొరికింది. మీరు కోసినప్పుడు పడ్డదే, రాడ్డుని తినేసింది అదే." క్రాంక్ బయటికి తీసి, "ముందే అడుగుదామంటే మీకు ఫోను లేదు కదండీ" అన్నారు.

అప్పుడే నా జేబులో ఫోను ఆగకుండా గుర్రుమనడం మొదలుపెట్టింది. నేను బయటికి పరిగెత్తాను. "మంచి పని చేశావు బ్రదర్", "మా గ్రూపులో కూడా పెట్టాను బ్రదర్", "మా బావకి కూడా అక్కడే అలాగే జరిగి ఉంటుంది బ్రదర్". మెసేజి తీసేశాను. అప్పటికే అది నాలుగు గ్రూపులు దాటిపోయింది. తప్పు నాదే, మాస్టారు నిజాయితీపరులు అని ఇంకో మెసేజి పెట్టాను. దాన్ని ఎవరూ నమ్మలేదు. "బెదిరించారా బ్రదర్?" అని ఒకడు. "పక్కన ఉన్నారా? ఉంటే ఒక చుక్క పెట్టు" అని ఇంకొకడు. నేను చుక్క పెట్టలేదు. పెట్టకపోవడం కూడా అనుమానించదగ్గ విషయమేనని వాళ్ళలో వాళ్ళు తేల్చుకున్నారు. నా జాతివాళ్ళే కదా, నాకు ఆశ్చర్యం కలగలేదు.

లోపలికి వచ్చి, అన్న మాటకి క్షమించమని అడిగాను. ఫోనులో అన్న మాట గురించి మాత్రం నోరు రాలేదు. మాస్టారు నా కళ్ళ ముందే క్రాంక్‌ని మళ్ళీ మొనల మధ్య బిగించి తిప్పారు. ముల్లు సున్నా మీద కదలకుండా నిలబడింది. "సరేలెండి, జాగ్రత్త మంచిదే" అన్నారు. తిట్టినా బాగుండేది.

మెకానిక్ బాబాయ్ ఇంజను బిగించాడు. పెద్ద కార్బొరేటరు పీకేసి పాతదే పెట్టాడు, నన్ను అడగలేదు. ఆదివారం సాయంత్రం నాన్నగారు కూటం నుంచి తిరిగొచ్చి, "బండి నిదానించిందిరా. దారిలో చేలన్నీ చూసుకుంటూ వెళ్ళాను. ఈసారి బాగుచేసినాయన మంచివాడిలా ఉన్నాడు" అన్నారు. ఆ మాటకి జరిగిందంతా చెప్పేశాను, ఆకురాయి నుంచి ఫోను దాకా. అంతా విని, "ఆయనకి చెప్పావా?" అని మాత్రం అడిగారు. చెప్పలేదన్నాను.  ఆయన తలుపు దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయారు.

చెప్పడానికి నాకు ఆరు నెలలు పట్టింది. పట్టింది అనడం కూడా అబద్ధమే, చెప్పలేదు కాబట్టి. పరీక్ష పేపర్లు దిద్దే పని మీద బందరు వెళ్ళాను, పని త్వరగా అయిపోయింది, కాళ్ళు షాపు వైపు నడిచాయి. మాస్టారు బల్ల ముందు కూచుని ఉన్నారు. బల్ల మీద ఐదు క్రాంకులు. ఐదింటి అంచుల మీదా పేర్లు. ఒకదాని మీద తెలుగులో, ఒకదాని మీద ఇంగ్లీషులో, ఒకదాని మీద శిలువ గుర్తు, ఒకదాని మీద ఏకంగా ఫోను నంబరు. రెండింటి మీద ఆ ఐదు రేకుల పువ్వు కూడా ఉంది.

"చూడండి, ఈ మధ్య అన్నీ ఇలాగే వస్తన్నాయి. అవనిగడ్డ నుంచీ, గుడివాడ నుంచీ, ఎక్కడెక్కడి నుంచో" అన్నారు మాస్టారు. "బందర్లో మార్చేస్తారు, పేరు చెక్కించి ఇవ్వండని ఎవరో ఫోనులో చెప్పారంట. చెరపడానికే సగం రోజు పోతంది. వచ్చినోళ్ళకల్లా మళ్ళీ మొదట్నుంచీ చెప్పాలి. కొందరు రావడమే మానేశారు లెండి."

చెప్పెయ్యాల్సిన చోటు అదే. అయినా నా నాలుక ఏమన్నదో తెలుసా? "ఎవరండీ ఆ చెప్పింది?" అన్నది. ఇప్పటికీ ఆ ఇరవై నాలుగేళ్ళవాణ్ణి తలుచుకుంటే, చెవి మెలిపెట్టాలనీ, పక్కన కూచోబెట్టుకుని వీపు నిమరాలనీ రెండూ అనిపిస్తాయి.

"తెలీదండీ. ఒకాయన ఫోనులో గొంతు మాత్రం వినిపించారు" అన్నారు మాస్టారు, నా వైపు చూడకుండా. సన్న ఉప్పుకాగితం ఒకటి తీసి, మధ్యకి మడిచి, జాగ్రత్తగా రెండుగా చింపారు. ఒక ముక్క తన దగ్గర ఉంచుకున్నారు. రెండోది నాకు ఇచ్చి, స్టూలు కాలితో నా వైపు జరిపారు. "కూచోండి. గట్టిగా కాదు, చుట్టూ సమానంగా పట్టాలి. వేలికి తగలకుండా పోయేదాకా."

కూచున్నాను. బస్సు వేళ దాకా మూడు పేర్లు చెరిపాను, ఎవరివో, ఎప్పుడూ చూడని మనుషులవి. మొదటిదాన్ని ఆయన ఇంకా పట్టమని వెనక్కిచ్చారు, రెండోదీ ఇచ్చారు. మూడోది వేలితో తడిమి, తన పక్కన పెట్టుకున్నారు. అప్పుడు, ఇంక చెప్పెయ్యాలని, "మాస్టారూ, ఆ గొంతు..." అన్నాను. ఆయన నాలుగోది తీసి నా ముందు పెట్టారు.